ఆమె జ్ఞాపకం... ఎందరికో ఊపిరి!

భార్య మీద ప్రేమతో షాజహాన్‌ తాజ్‌మహల్‌ కట్టించాడు. దొరాబ్జీ టాటా అలాంటి కట్టడమేదీ తలపెట్టలేదు. తన భార్యను ఏ జబ్బు తీసుకెళ్లిందో ఆ జబ్బు మీద పోరాడేవాళ్లకు ఆస్తి రాసిచ్చాడు. అదే ఆమెకు ఆయన ఇచ్చిన నివాళి!

కోహినూర్‌ బరువు 105 క్యారెట్ల పైచిలుకు. దానికి రెండింతలకు మించి, 245 క్యారెట్లు తూగే జూబిలీ వజ్రాన్ని దొరాబ్జీ కొన్నది మెహర్‌బాయి మెడలో చూసుకోవాలనే. జంషెడ్జీ టాటా పెద్దకొడుకు ఆయన. మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారి హెచ్‌.జె.భాభా కూతురు ఆమె. 1898లో పెళ్లయ్యేనాటికి ఆయనకు 38, ఆమెకు 18. పిల్లలు లేరు. ఒకరికి ఒకరే లోకం.

చీరకట్టులో టెన్నిస్‌
మెహర్‌బాయి నగలు పెట్టుకుని ఇంట్లో కూర్చునే రకం కాదు. చీర కట్టుకునే టెన్నిస్‌ ఆడేది. 1924 పారిస్‌ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్‌ డబుల్స్‌కు మనదేశం తరఫున ఎంపికైంది. ఆడపిల్లల చదువు కోసం, బాల్యవివాహాలకు వ్యతిరేకంగా గొంతెత్తింది. 1927లో అమెరికా వెళ్లి మన స్త్రీల స్థితిగతుల మీద ప్రసంగించింది. బాల్యవివాహాలకు అడ్డుకట్ట వేసే శారదా చట్టం 1929లో వచ్చింది.

ఆ 1924లోనే టాటా ఉక్కు కంపెనీకి కష్టమొచ్చింది. జంషెడ్‌పూర్‌లో కార్మికులకు జీతాలివ్వడానికీ డబ్బు లేదు. దొరాబ్జీ తన సొంత ఆస్తితో పాటు ఆ వజ్రాన్నీ ఇంపీరియల్‌ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చాడు. కంపెనీ నిలబడింది. వజ్రమూ తిరిగొచ్చింది.

డబ్బుకు లొంగని జబ్బు
కానీ, ఎంత డబ్బున్నా లొంగని జబ్బు ఒకటి ఆమెను పట్టుకుంది... లుకేమియా. అంటే రక్త క్యాన్సర్‌. తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరిగిపోతాయి. అప్పటికి దాన్ని నయం చేసే మందే లేదు. చిన్నపిల్లల్లో మందులతో ఈ జబ్బును కొన్నాళ్లయినా అణచవచ్చని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌ చూపించింది 1948లో! 1931 జూన్‌ 18న వేల్స్‌లోని రుథిన్‌లో మెహర్‌బాయి కన్నుమూసింది. ఆమెకు నిండా 52 ఏళ్లు లేవు.

దొరాబ్జీ కుంగిపోయాడు. అయినా ఏడాది తిరక్కుండానే, 1932లో, భార్య పేరిట లేడీ టాటా మెమోరియల్‌ ట్రస్టు పెట్టాడు. లుకేమియా పరిశోధనలకు సాయం చేయడం దాని పని. మన దేశంలోనే కాదు... ప్రపంచంలో ఎక్కడి శాస్త్రవేత్తలకైనా! తన ఆస్తినంతా, ఆ వజ్రంతో సహా, మరో ట్రస్టుకు రాసిచ్చాడు. భార్య సమాధి చూడాలని ఓడెక్కినవాడు దారిలోనే, ఆ జూన్‌ 3న, జర్మనీలో ప్రాణాలు వదిలాడు. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌వుడ్‌ శ్మశానవాటికలో ఆమె పక్కనే ఆయన సమాధి.

మేనత్త... మేనల్లుడు
తర్వాత వజ్రాన్ని అమ్మేశారు. ఆ డబ్బు ట్రస్టుకు చేరింది. ఆ ట్రస్టు పూనికతోనే 1941 ఫిబ్రవరి 28న బొంబాయి పరేల్‌లో టాటా మెమోరియల్‌ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. 1962లో అది అణుశక్తి శాఖ చేతికొచ్చింది. అప్పుడు ఆ శాఖను నడుపుతున్నది హోమీ భాభా... మెహర్‌బాయికి స్వయానా మేనల్లుడు!

ఆ ఆసుపత్రికి అనుబంధంగానే విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి నడుస్తోంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఫైళ్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లలో చాలామందికి మెహర్‌బాయి పేరు తెలియకపోవచ్చు. అయితేనేం... అక్కడ ఒక అమ్మ కోలుకుని ఇంటిముఖం పట్టిందంటే, ఎప్పుడో ఒక భర్త పడ్డ దుఃఖానికి అందులో కాస్తయినా వాటా ఉంది.

పోయినవాళ్లను తలచుకుని కన్నీళ్లు పెట్టుకోని ఇల్లు ఉండదు. మన గుండెకోత మరొకరికి రాకూడదని ఒక్క అడుగు వేస్తే, అది కూడా వాళ్లను తలచుకోవడమే. దానికి వజ్రాలే ఉండాలా!