రాతి మీద నిలిచిన ఆడపడుచుల పేర్లు

హైదరాబాద్ : నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివే పల్లెటూరి ఆడపిల్లలు ఎందరో. ఇక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో వారు వల్లెవేసే చరిత్ర పాఠాల్లో శాంతిశ్రీ పేరొకటి ఉంది. పరీక్షలో అది ఒక్క మార్కు ప్రశ్న. అసలు సంగతి అంతకంటే చాలా పెద్దది.

మూడవ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు ఏలారు. అదే నేటి నాగార్జునకొండ. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధాన్ని ఆదరించింది. మేనల్లుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి రాతి స్తంభాలు నిలిపి, వాటి మీద తన పేరు చెక్కించింది. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఒక స్తంభంతోపాటు 170 దినార మాషకాలు ఇచ్చింది.

ఇది అంతఃపుర స్త్రీలకే చెల్లిన భాగ్యం కాదు. బోధిశ్రీ అనే ఉపాసిక రాణి కాదు, గృహస్థురాలు. సింహళ భిక్షువుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఒకచోట చెరువు, మరోచోట మండపం, ఇంకోచోట భిక్షువులకు గదులు కట్టించి, ఆ జాబితా అంతా శాసనంలో వేయించింది. నేటి ఘంటసాల అయిన కంటకశైలంలో కూడా ఆమె మండపం కట్టించింది. అమరావతిలో విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించాడు. అక్కడ భిక్షుణులు ఇచ్చిన దానాలూ ఉన్నాయి.

ఆడవారికి సంఘంలో చోటు తేలికగా దొరకలేదు. బుద్ధుని పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి అడిగితే ఆయన మొదట కాదన్నాడనీ, ఆనందుడు కలుగజేసుకున్నాకే ఒప్పుకున్నాడనీ బౌద్ధ గ్రంథాలు చెబుతున్నాయి.

1926లో బయటపడిన ఈ లోయ సాగర్ నీటిలో మునిగింది. 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో దొరికినవాటిని కొండపైకి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపం. శాసనాలు అక్కడి మ్యూజియంలో చూడవచ్చు.

మన ఊళ్ల గుళ్లలో, బడుల్లో దాతల పలకలు ఒకసారి చదవండి. పుస్తెలతాడు అమ్మి ఇచ్చిన ఇల్లాలి పేరు ఎన్నింటి మీద ఉంది? పదిహేడు వందల ఏళ్ల క్రితం బోధిశ్రీకి దక్కిన ఆ మూడు అక్షరాల గౌరవం నేటి తల్లులకూ దక్కాలి. వచ్చేసారి పలక వేయించే పెద్దలు ఆ సంగతి మరవకూడదు.