ఇప్పచెట్టు కింద ఓడ విస్కీ

ఇంటిల్లిపాదీ చదువుకొనే పత్రికలో సారా ముచ్చటేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. చిట్లించండి, కాని చదవండి. తాగమని చెప్పడానికి రాస్తున్నది కాదిది. భద్రాచలం వెళ్లి రామయ్యను దర్శించి, పర్ణశాలలో సీతమ్మ చీరె లారవేసిన గుర్తులు చూచి, వెళ్లిన దారినే తిరిగివచ్చే మనబోటి వాళ్లకు ఆ దారి పక్కన నిలబడ్డ ఇప్పచెట్ల సంగతి తెలియదు గదా, అందుకని.

మా బావమరిది వర్తకపు ఓడలలో ఇంజనీరు. మొన్న వేసవిలో వస్తూ వస్తూ ఒక పొట్టి సీసా తెచ్చాడు. విస్కీ. అందులోనూ, షెర్రీ పీపాలలో పోసి, ఆ పీపాలను సముద్రం మీద తిప్పి పక్వానికి తెచ్చిన రకమట! ఇంత హంగు దేనికయ్యా అంటే, అతను అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. బార్లీ గింజలను మొలకెత్తించి, పీటు అనే నల్లమట్టి పొగ మీద ఆరబెడతారు. బురదనేలల్లో వేలయేళ్లుగా గడ్డీ నాచూ కుళ్లి పేరుకొంటే ఏర్పడే మట్టి అది. ఎండితే కట్టెలా మండుతుంది. ఆ పొగ గింజకు పడితే, తర్వాత బట్టీలో ఎంత మరిగించినా వదలదు. ఆపైన ఓక్ కర్ర పీపాలో మూడేళ్లకు తక్కువ కాకుండా నిలవవుంటే తప్ప స్కాచి అని పిలవడానికి చట్టం ఒప్పుకోదు. స్పెయిన్ వారి షెర్రీ అనే ద్రాక్షసారా నిండి వున్న పీపా అయితే ఆ కర్రలోంచి ఎండుద్రాక్ష తీపి దిగుతుంది.

మరి ఓడ ఎందుకు? దీని వెనక ఒక కథ వుంది. నార్వేవారి ఆక్వావిట్ అనే సారాను 1805లో ఓడకెత్తి బటేవియా పంపారు. అక్కడ కొనేవాడు లేడు. పీపాలు తిరిగి 1807లో స్వదేశం చేరాయి. విప్పి చూస్తే, పోయినప్పటికంటె రుచిగా వుంది! కెరటాల ఊపుకు సరుకు పీపా కర్రలో బాగా ఒరుసుకొన్నదన్నారు. భూమధ్యరేఖ దాటి వచ్చిన ఎండ కూడా తోడయిందన్నారు. ఆ జాతి ఆక్వావిట్‌ను నేటికీ షెర్రీ పీపాలలో పోసి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటించి తెస్తారు. అమ్ముడుపోని సరుకు గొప్ప సరుకైన ఉదంతం నాకు తెలిసి ఇదొక్కటే.

ఆ సీసా పట్టుకొనే మేమిద్దరం దుమ్ముగూడెం దాటి, అడవి అంచున నాకు పరిచయమున్న ఒక కోయపల్లెకు వెళ్లాం. ఫాల్గుణం వెళ్లి చైత్రం వచ్చే రోజులు, రామయ్య కల్యాణానికి పందిళ్లు వేసే సమయం. ఇప్పపువ్వు రాలేదీ అప్పుడే. రాత్రంతా రాలుతుంది. తెల్లారకముందే ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలతో చెట్ల కిందికి పోతారు. కాస్త ఆలస్యమైతే పశువులు మేస్తాయి, లేదా ఎలుగుబంటి వాటా తీసుకొంటుంది. పువ్వంటే రేకులు కాదు. లేత పసుపు తెలుపులో, కండగల చిన్న ముత్తెమంత గుల్ల. ఎండలో ఆరబెడితే ముడుచుకొని అచ్చం కిస్‌మిస్ పండు. దాన్ని తింటారు, వండుకొంటారు, పశువులకు పెడతారు. గింజ నుంచి నూనె తీస్తారు. సారా వీటిలో ఒకటి మాత్రమే.

ఇంటాయన, డెబ్బయ్యేళ్ల పెద్దాయన, బట్టీ చూపించాడు. ఎండుపువ్వును నీళ్లలో నానవేస్తే కొద్దిరోజులకు పులిసి బుడగలు లేస్తుంది. ఆ కుండను పొయ్యికెక్కించి, పైన అడుగున చిల్లులున్న మరో కుండ, అందులో ఒక ముంత, అన్నిటి పైనా చన్నీళ్ల గిన్నె. సందులకు మట్టి మెత్తుతారు. ఆవిరి చల్లని గిన్నె అడుగుకు తగిలి చుక్కలై ముంతలో పడుతుంది. గిన్నెలో నీళ్లు వేడెక్కితే మార్చాలి. పెద్దాయన భార్య అవి మార్చుతూ, మంట తగ్గించమని మొగుణ్ణి కసురుతూ వున్నది. పీపా లేదు, మూడేళ్లు లేవు. తెల్లని నీళ్లలా వుంది.

తాగేముందు ఆయన నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు. "పెద్దోళ్లకు బాబూ" అన్నాడు. స్కాట్లండులోనూ పీపాలోంచి ఏటా నూటికి రెండుపాళ్లు ఆవిరైపోతుందట, దాన్ని దేవతల వాటా అంటారట. అక్కడ దేవతలు అడక్కుండా తీసుకొంటారు, ఇక్కడ పెద్దలకు పిలిచి ఇస్తారు.

నేనొక చెంచాడు పుచ్చుకొన్నాను. ముందు ముక్కుకు నానిన కిస్‌మిస్ వాసన, వెనకనే తేనె, ఆ వెనక, ఉన్నమాట చెప్పాలి, పశువుల కొట్టం. గొంతులో నిప్పు. పొగ కూడా తగిలింది కాని అది పువ్వులోదో పొయ్యి దగ్గర కూర్చున్నందువల్ల నాకు పట్టిందో చెప్పలేను. విస్కీ చెంచాడులో ముందే పొగ, ఆసుపత్రి అయొడిన్ ఘాటు, ఉప్పు, చివర ఎండుద్రాక్ష. రెండు చోట్లా ఎండలో ముడుచుకొన్న తీపే! పెద్దాయనకూ రుచి చూపించాం. చాలాసేపు నోట్లో వుంచుకొని మింగాడు.

"ఏంది బాబూ ఇది, ఆర్పిన చుట్ట నీళ్లలో వేసినట్టుంది. ఎంత?"

బావమరిది ధర చెప్పాడు. ముసలామె నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

ధర సంగతే నవ్వులాట కాదు. ఒకరి సారాకు బంగారు చీటీ, మరొకరి సారాకు కేసు. ఇది ఈనాటిది కాదు. 1879లో రంప కొండల్లో కల్లు మీద చిగురుపన్ను వేసి గుత్తేదారులను దింపితే కొండజనం తిరగబడ్డారు. ఆ మంట భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. అక్కడ పోడు శిస్తు మూడింతలు చేసివుండటం మరో కారణం. బొంబాయి దొరలైతే 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదనే ఒక చట్టం చేశారు. చెట్టు రాల్చిన పువ్వును ఏరి దాచుకోవడానికి కూడా ఆంక్షలు!

అలాగని సారాను వెనకేసుకు రావడం నావల్ల కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాదుకాణం మూయించిన తర్వాత ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఆ తల్లుల కన్నీళ్లు కల్పన కాదు. అయితే వాళ్లు మూయించింది పాటపాడి అమ్మే ప్యాకెట్ సారాను. పెళ్లికీ చావుకీ పెద్దలకు పోసే ముంత వేరు. 1996 నాటి పెసా చట్టం ఈ తేడా గుర్తించినట్టే వుంది. షెడ్యూల్డ్ ప్రాంతాలలో మత్తుపదార్థాలను నిషేధించడమో అదుపు చేయడమో గ్రామసభ అధికారాలలో ఒకటిగా పెట్టింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మిస్తానని ప్రకటించింది.

ఈ పల్లెలో పెద్దాయన బెంగ మరొకటి. కుర్రాళ్లు పువ్వు ఏరడం మానుకొన్నారట. బెల్లం, నవాసాగరం వేసి కాస్తే ఒక్కరోజు పని. "అది తాగినోడు పొద్దున లేవడు బాబూ. పువ్వుది తాగినోడు పొద్దున్నే లేవాల, లేకపోతే పువ్వు ఎలుగు తింటది" అన్నాడు.

సీసాలో మిగిలిన విస్కీ ఆయన వద్దన్నాడు. ముసలామె మాత్రం ఒక శేరు ఎండుపువ్వు గుడ్డలో కట్టి ఇచ్చింది. ఆదిలాబాదు వైపు ఉట్నూరులో ఆడవాళ్లు దీంతో లడ్డూలు చేసి అమ్ముతున్నారని చెబితే, ఎలా చేస్తారో అడిగి చెప్పమన్నది. మా ఆవిడ నువ్వులూ బెల్లమూ కలిపి దంచి చూచింది. పిల్లలు రెండురోజుల్లో డబ్బా ఖాళీ చేశారు.