మీకు తెలుసా? వెన్నులో తూటాతోనే పాట
ప్రజాగాయకుడు గద్దర్ తన చివరి 26 ఏళ్లూ వెన్నులో తూటాతోనే వేదికలెక్కి ఆడారు, పాడారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలోని ఇంటి దగ్గరే ఆయనపై దుండగులు కాల్పులు జరిపారు. ఒక తూటాను తీస్తే ప్రమాదమని డాక్టర్లు అలాగే వదిలేశారు. అయినా భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు... ఆ చిందు ఆగలేదు.

ఆయన సాంస్కృతిక బృందం జన నాట్యమండలి పాటంటే జనానికి ఎంత ప్రాణమో అంతకుముందే, 1990లోనే తేలిపోయింది. ఏళ్ల అజ్ఞాతం వీడి వచ్చిన గద్దర్‌ను చూడటానికి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానం పట్టనంత మంది తరలివచ్చారు. తర్వాత తెలంగాణ ఉద్యమంలోనూ ఊరూరా ఆ గొంతే మోగింది. 2023 ఆగస్టు 7న ఎల్బీ స్టేడియం నుంచి సాగిన అంతిమయాత్రకూ జనం పోటెత్తారు. ఆయన సమాధి అల్వాల్‌లో, పేద పిల్లల కోసం తానే పెట్టిన మహాబోధి పాఠశాల ఆవరణలో ఉంది.