గుండెల మీది వెచ్చదనం
ఏడాది పొడవునా ఉక్కపోసే మన బూన్ లేలో పసికందుకు చలేమిటి అనుకుంటున్నారా? నెలలు నిండని బిడ్డకు చర్మం పలుచన, ఒంట్లో కొవ్వు తక్కువ. ఏసీ గదిలో ఇట్టే చల్లబడిపోతుంది. ఆ ఒళ్ళు 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంక్యుబేటర్‌లో పొట్టకు అంటించిన సెన్సర్ చూసి హీటర్ తనే సర్దుకుంటుంది. మా కంప్యూటర్ వాళ్ళకు తెలిసిన లెక్కే!

1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే సనబ్రియా బిడ్డలను తల్లుల గుండెలకే కట్టించారు. అదే కంగారూ పద్ధతి. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. 1.8 కిలోల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే, తొలి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి.

నాన్నలూ, ఇది మనమూ చేయవచ్చు. డాక్టరు సరేనంటే, చొక్కా విప్పి బిడ్డను గుండెకు హత్తుకోండి!