అంజూర మంచిదే.. మాత్ర మానేస్తేనే ముప్పు

బళ్లారి: సరిహద్దుకు ఇటు బళ్లారి, అటు అనంతపురం. రెండువైపులా అంజూర తోటలున్నాయి. తెలుగువారైనా కన్నడిగులైనా ఈ పండును పిలిచే పేరు ఒకటే. ఇప్పుడు దానికి ‘షుగరుకు మందు’ అన్న పేరు కూడా తగిలిస్తున్నారు. రాత్రి నానబెట్టి పొద్దున్నే నాలుగు తింటే మాత్రలతో పనేముందని అనేవాళ్లూ ఉన్నారు. ఇందులో నిజమెంత?

జిగురులోనే ఉంది గుణం
మేడి, రావి, మర్రి జాతికి చెందిందే అంజూర. దీని కండలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. చక్కెర అణువులు గొలుసుకట్టుగా చేరితే ఏర్పడే ఇలాంటివాటినే పాలీశాకరైడ్లు అంటారు. అన్నంలోని పిండి పదార్థమూ ఈ కోవదే. కాకపోతే పిండి కడుపులో అరిగిపోతుంది, పెక్టిన్ అరగదు. నీళ్లు పట్టి జావలా మారి, తిన్నదాంట్లోని చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. పెద్దపేగుకు చేరాక అక్కడి మంచి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అప్పుడు తయారయ్యే ఆమ్లాలు పేగు గోడకు బలాన్నిస్తాయి. విరేచనం సాఫీగా కావడానికీ పీచు తోడ్పడుతుంది.

పరిశోధన ఎంతవరకు?
పండు నుంచి పాలీశాకరైడ్లను వేరుచేసి ఎలుకలు, చేపలపై పరీక్షించారు. రోగనిరోధక శక్తి, పేగుల వాపు విషయంలో మంచి ఫలితాలు కనిపించాయి. అంతమాత్రాన మనుషుల్లో షుగరు నయమవుతుందని తేలినట్లు కాదు.

ఎండితే చక్కెర మూడింతలు
వంద గ్రాముల పచ్చి అంజూరలో పీచు సుమారు 3 గ్రాములు, చక్కెర 16 గ్రాములు. అదే ఎండు పండులో పీచు 10 గ్రాములకు చేరితే, చక్కెర 48 గ్రాములవుతుంది. అంటే 50 గ్రాముల ఎండు పండ్లు తింటే ఆరు చెంచాల చక్కెర తిన్నట్లే! నానబెట్టినంత మాత్రాన అదేమీ మాయమైపోదు. నీళ్లలోకి దిగిన చక్కెర ఆ నీళ్లు తాగితే లోపలికే పోతుంది. నీళ్లు తాగి పండు పారేస్తే మాత్రం దక్కాల్సిన పీచు దక్కదు. వడగట్టిన రసంతోనూ ఇదే నష్టం.

పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అంజూర ఒక్కదానితో అది తీరదు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు ఉండాల్సిందే. షుగరు ఉన్నవాళ్లు ఎన్ని పండ్లు తినొచ్చో డాక్టరును అడగాలి. మాత్ర మాత్రం సొంతంగా మానొద్దు.