క్రూజ్‌లో ముందుగా డబ్బు కట్టాల్సింది దేనికి?

క్రూజ్ టికెట్ కొన్న కొద్ది రోజులకే కంపెనీ నుంచి ఈమెయిళ్లు మొదలవుతాయి. డ్రింక్ ప్యాకేజీ ఇప్పుడే తీసుకోండి, వైఫై ఇప్పుడే తీసుకోండి, ఓడ ఎక్కాక ధర పెరుగుతుంది అంటూ. హ్యూస్టన్, డాలస్ తెలుగువాళ్లు గాల్వెస్టన్ రేవు నుంచి కరీబియన్‌కు బయల్దేరేటప్పుడు, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు, ఇంట్లో చర్చంతా ఈ అదనపు ఖర్చుల చుట్టూనే తిరుగుతుంది. ఆ చర్చలో వినిపించే మాటల్లో చాలావరకు అపోహలే. వాటి వెనక ఉన్న పొరపాటు మాత్రం ఒక్కటే. పోతే పదో ఇరవయ్యో డాలర్లు పోయే చోట ముందే వందలు కట్టేస్తున్నారు. పోతే వేలల్లో పోయే చోట ఏ ఏర్పాటూ లేకుండా ఓడ ఎక్కుతున్నారు. ముందుగా కట్టే డబ్బు మనం తట్టుకోలేని నష్టం నుంచి కాపాడాలి. ఒక కాక్‌టెయిల్ ఖరీదు తట్టుకోలేని నష్టమేమీ కాదు.

"రోజూ కాస్తో కూస్తో తాగేవాళ్లకు ప్యాకేజీ ఎలా చూసినా లాభమే" అన్నది అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన అపోహ. కాగితం మీద లెక్క వేసి చూద్దాం. మద్యంతో కూడిన ప్యాకేజీ ధర ఓడను బట్టి, తేదీని బట్టి మారుతుంటుంది. రోజుకు 75 డాలర్లు అనుకుందాం. దీనిమీద సర్వీస్ చార్జీ కూడా పడుతుంది. విడిగా కొన్న డ్రింకు మీదా పడుతుంది కాబట్టి పోలికలో దాన్ని వదిలేయవచ్చు. ఏడు రాత్రుల ప్రయాణానికి ఒక మనిషికి 525 డాలర్లు. కాక్‌టెయిల్ 14 డాలర్లయితే వారంలో 38 తాగితేగానీ కట్టిన డబ్బు రాదు. ఎనిమిది డాలర్ల బీరు తాగేవాళ్లయితే 66 బీర్లు. రోజుకు ఐదారు కాక్‌టెయిళ్లే కదా అనిపించవచ్చు. కానీ ఏడు రోజులూ ఒక్కలా ఉండవు. మూడు రోజులు ఓడ ఏదో ఒక రేవులో ఆగుతుంది, పగలంతా ఒడ్డు మీదే గడుస్తుంది. కంపెనీ సొంత దీవుల్లో కొన్నింటిని మినహాయిస్తే ఒడ్డున తాగిన దానికి ప్యాకేజీ వర్తించదు. ఆ మూడు రోజుల్లో సాయంత్రాలు మూడేసి తాగారనుకున్నా, మిగిలిన నాలుగు రోజుల్లో రోజుకు ఏడుకు పైగా తాగాలి. అప్పటికి వచ్చేది లాభం కాదు, కట్టిన డబ్బు మాత్రమే.

దీనికన్నా గట్టి మెలిక ఇంకొకటి ఉంది. రాయల్ కరీబియన్, కార్నివాల్ వంటి కంపెనీల్లో ఒక క్యాబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ క్యాబిన్‌లో మద్యం తాగే వయసున్న పెద్దలందరూ కొనాలన్నది నియమం. ఒకరి పేరు మీద తీసుకుని ఇద్దరూ పంచుకోకుండా పెట్టిన షరతు ఇది. కంపెనీ వైపు నుంచి చూస్తే న్యాయమే. కానీ మన ఇళ్లలో భర్త తాగడం, భార్య తాగకపోవడం మామూలు. అలాంటి జంటకు ప్యాకేజీ ఖరీదు 525 కాదు, 1,050 డాలర్లు. ఆమె రోజుకు మూడు మాక్‌టెయిళ్లో కాఫీలో తాగి వాటికి వందో నూటపదో డాలర్ల విలువ కట్టినా, మిగతా డబ్బు రావడానికి ఆయన రోజుకు తొమ్మిదికి పైగా కాక్‌టెయిళ్లు తాగాలి. ఇంటి దగ్గర శనివారం సాయంత్రం రెండు పెగ్గులతో ఆపేసే మనిషి ఇలాంటి లెక్కకు ఎలా సరిపోతాడు?

ఈ అంకెల్ని ఆరోగ్యం వైపు నుంచి చూస్తే నాకు నిజంగా బెంగ కలుగుతుంది. అమెరికా ప్రభుత్వ మద్యపాన పరిశోధన సంస్థ లెక్క ప్రకారం మగవాళ్లు ఒక రోజులో ఐదు, ఆడవాళ్లు నాలుగు ప్రామాణిక డ్రింకులు తాగితే అది అతిగా తాగడం కిందికే వస్తుంది. ప్రామాణిక డ్రింకంటే 14 గ్రాముల ఆల్కహాల్. బార్‌లో కలిపి ఇచ్చే కాక్‌టెయిల్‌లో అంతకు మించి ఉండటం సాధారణం. అంటే ప్యాకేజీ గిట్టుబాటు కావడం మొదలయ్యే చోటు, వైద్యులు ప్రమాదమని గీసిన గీతకు అవతల ఉంది. ఏ మోతాదులోనూ మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. "కొన్నంత మాత్రాన తాగాలని ఎవరూ బలవంతపెట్టరు కదా" అంటారు. బయటివాళ్లు బలవంతపెట్టక్కర్లేదు, కట్టిన డబ్బే ఆ పని చేస్తుంది. పరిశోధకులు హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన ప్రయోగంలో నాటకాల సీజన్ టికెట్లు కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపుతో అమ్మారు. సీజన్ తొలి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకం ఎక్కువ చూస్తే నష్టమేమీ లేదు. బీపీ, షుగరు ఉన్న మనిషి డబ్బు వృథా కాకూడదని ఇంకో గ్లాసు అడిగితే ఆ నష్టం ప్యాకేజీ ఖరీదుతో పోదు.

ఇక అందరూ చెప్పే అభ్యంతరం, ఇందులో బలముంది: "లాభనష్టాలు కాదండీ, ప్రతి గ్లాసుకూ లెక్క చూసుకోకుండా నిశ్చింతగా ఉండటానికే కొంటున్నాం." మీటర్ తిరుగుతుంటే ట్యాక్సీ ప్రయాణాన్ని ఆస్వాదించలేని మనస్తత్వాన్ని పరిశోధకులు గుర్తించారు. అన్యా లాంబ్రెక్ట్, బెర్న్‌డ్ స్కీరా 2006లో ఇంటర్నెట్ చందాదారుల మీద చేసిన అధ్యయనంలో, వాడకాన్ని బట్టి కడితే తక్కువయ్యేదైనా చాలామంది స్థిరమైన చందానే కోరుకున్నారని, దానికి ఈ మీటర్ భయం ఒక కారణమని తేల్చారు. కాబట్టి నిశ్చింతకు విలువ లేదని అనను. విలువ ఉన్నదాన్ని దాని పేరుతోనే కొనాలంటున్నాను. ఒక జంట విడిగా తాగితే వారానికి 300 డాలర్లు అయ్యేచోట 1,050 కడితే, ఆ నిశ్చింత ఖరీదు 750 డాలర్లు. అది తెలిసే ఇష్టపడి కడితే అభ్యంతరం లేదు. "ఆదా" అనుకుని కట్టడమే తప్పు. పైగా మనం ఎంత వాడతామన్న అంచనా చాలాసార్లు ఎక్కువగానే వస్తుంది. ఆర్థికవేత్తలు స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని మూడు జిమ్‌ల సభ్యుల్ని పరిశీలించారు. నెలకు 70 డాలర్లకు పైగా చందా కట్టినవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే వచ్చారు. ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. పది రాకల పాస్ కొనుంటే ఒక్కో రాక పది డాలర్లతో అయిపోయేది. నిశ్చింత కావాలంటే చవక దారి కూడా ఉంది: ప్రయాణానికి ముందే డ్రింకుల కోసం 300 డాలర్లు పక్కన పెట్టుకుని, ఓడ మీద వాటిని మీటరు చూడకుండా ఖర్చు చేయడం. మిగిలితే ఇంటికి వస్తాయి.

"డ్రింకులు ఉచితం" అన్న ప్రకటనల సంగతి చూద్దాం. నార్వేజియన్ కంపెనీ చాలా ఏళ్లుగా టికెట్‌తో కలిపి డ్రింకులు ఉచితమని అమ్ముతోంది. అయితే ఆ ప్యాకేజీ విలువ మీద 20 శాతం సర్వీస్ చార్జీని ప్రయాణికుడే కట్టాలి. అది మనిషికి రోజుకు 20 డాలర్లే అనుకున్నా, ఇద్దరికి ఏడు రోజులకు 280. తాగనివాళ్లకు ఇది ఉచితమూ కాదు, చవకా కాదు. "అపరిమితం" అన్న మాటకూ అంచులుంటాయి. కార్నివాల్ చీర్స్ ప్యాకేజీలో 24 గంటల్లో 15 మద్యం డ్రింకులకు మించి ఇవ్వరు. ప్యాకేజీల్లో ఒక్కో గ్లాసుకు ధర పరిమితి కూడా ఉంటుంది, దాటితే తేడా కట్టాలి. ప్యాకేజీతో కట్టిన సర్వీస్ చార్జీలోనే సిబ్బంది టిప్పులన్నీ వచ్చేశాయనుకోవడమూ పొరపాటే. రోజువారీ టిప్పు పద్దు వేరుగా పడుతుంది.

ఇదంతా కంపెనీల మోసమని మాత్రం అనలేం. వాటి వార్షిక లెక్కలు బహిరంగంగానే ఉన్నాయి. 2023లో రాయల్ కరీబియన్ మొత్తం ఆదాయం సుమారు 1,390 కోట్ల డాలర్లు. అందులో సుమారు 433 కోట్లు టికెట్ల మీద కాక ఓడ మీది అమ్మకాలు, ఇతర పద్దుల కింద వచ్చాయి. కార్నివాల్‌లో అదే ఏడాది సుమారు 2,159 కోట్లలో 753 కోట్లు అలా వచ్చినవే. ఆదాయంలో మూడో వంతుకు అటూ ఇటూగా టికెట్ బయట నుంచి వస్తోందంటే, టికెట్ తక్కువ ధరకు దొరకడానికీ అదే ఒక కారణం. అదనపు ఖర్చులు జాగ్రత్తగా ఎంచుకునే ప్రయాణికుడికి నిజానికి ఇది మేలైన ఏర్పాటు.

మద్యం ముట్టని అమ్మానాన్నలకు ఏదో ఒక ప్యాకేజీ లేకపోతే ఇబ్బందని పిల్లలు అనుకుంటారు. ఆ ఇబ్బందేమీ ఉండదు. మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ, నిమ్మరసం బఫేలో టికెట్‌తోనే వస్తాయి, పొద్దున టిఫిన్‌తో పండ్లరసం కూడా. తిండి విషయంలోనూ అంతే. ప్రధాన భోజనశాల, బఫే టికెట్‌లో కలిసే ఉంటాయి. కార్నివాల్ భోజనశాలలో రాత్రి మెనూలో భారతీయ శాకాహార వంటకం ఉంటుంది. మిగతా పెద్ద కంపెనీల్లోనూ మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో చెబితే మర్నాటి నుంచి పప్పో కూరో ఏర్పాటు చేసే వీలుంటుంది. దీనికి అదనంగా కట్టాల్సిన పనిలేదు. ఇలా చెప్పాక కూడా కొందరికి ప్యాకేజీ నప్పుతుందని ఒప్పుకోవాలి. రేవులు తక్కువా సముద్రం మీది రోజులు ఎక్కువా ఉన్న ప్రయాణం, ఇద్దరూ పొద్దున ఖరీదైన కాఫీతో మొదలుపెట్టి మధ్యాహ్నం, సాయంత్రం ఏదో ఒకటి తీసుకునే అలవాటు, దానికి తోడు మంచి తగ్గింపు ధర కలిసొస్తే లెక్క కుదురుతుంది. అలాంటివాళ్లు ఓడ ఎక్కేదాకా ఆగకూడదు. ముందస్తు ధర సాధారణంగా తక్కువ. కొన్నాక ధర ఇంకా తగ్గితే, చాలా కంపెనీల్లో బయల్దేరే ముందు నిర్ణీత గడువు లోపల పాతది రద్దు చేసి కొత్త ధరకు కొనుక్కోవచ్చు.

వైఫై దగ్గర భయం తారుమారుగా ఉంటుంది. ప్యాకేజీ ఖరీదని మానేసి, ఇండియా నుంచో అమెరికా నుంచో తెచ్చుకున్న రోమింగ్ ప్లాన్‌తో గడిచిపోతుందనుకుంటారు. నడిసముద్రంలో ఫోను పట్టుకునేది ఓడ సొంత ఉపగ్రహ నెట్‌వర్క్‌ను. దేశాల వారీగా కొన్న మామూలు రోమింగ్ ప్లాన్లు సాధారణంగా దానికి వర్తించవు, బిల్లు ఊహించనంత రావచ్చు. ఓడ ఎక్కగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఆపైన వైఫై కావాలంటే ఇంటిల్లిపాదికీ కాక ఒక్క పరికరానికి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు పెద్ద నష్టాల దగ్గరికి వద్దాం. "రేవుల్లో కంపెనీ టూర్లు దండగ, బయట సగం ధరకే దొరుకుతాయి" అంటారు. రేవు పక్కనే ఉన్న బీచికో బజారుకో వెళ్లడానికి ఆ మాట నిజం. గంటన్నర దూరంలోని కొండకో పురాతన శిథిలాలకో వెళ్లేటప్పుడు కాదు. కంపెనీ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. 2024 మార్చిలో ఆఫ్రికా తీరంలోని సావో టోమే దీవిలో ప్రైవేటు టూరుకు వెళ్లి ఆలస్యమైన ఎనిమిది మందిని నార్వేజియన్ డాన్ ఓడ ఎక్కించుకోలేదు. దాన్ని అందుకోవడానికి వాళ్లు పలు దేశాలు దాటి సెనెగల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. భారతీయ పాస్‌పోర్ట్‌తో ఉన్న తల్లిదండ్రులకు దీనికి వీసా చిక్కు కూడా తోడవుతుంది. ఓడ ప్రయాణికులుగా పగలు దిగనిచ్చిన దేశం, రాత్రి ఉండి విమానం ఎక్కడానికి వీసా అడగవచ్చు. తిరుగు ప్రయాణానికి రెండు మూడు గంటల వెసులుబాటు లేని ఏ దూరపు టూరైనా కంపెనీ దగ్గర కొనడమే మంచిది.

"ఓడలో డాక్టరుంటారు కదా, ఇన్సూరెన్స్ ఎందుకు?" అన్నది వీటన్నిటిలో ప్రమాదకరమైన అపోహ. డాక్టరు ఉంటారు, కానీ ఆ వైద్యం టికెట్‌లో భాగం కాదు. బిల్లు నేరుగా మీ ఖాతాలో పడుతుంది. గుండెపోటు వచ్చి హెలికాప్టర్‌లోనో ప్రత్యేక విమానంలోనో తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు వారమంతటి కాక్‌టెయిళ్లు లెక్కలోకి కూడా రావు. ఇండియాలో తీసుకున్న ఆరోగ్య బీమాలు సాధారణంగా దేశం లోపలే పనిచేస్తాయి. అమెరికాలో స్థిరపడిన పెద్దలకు ఉన్న మెడికేర్ కూడా ఓడ అమెరికా రేవుకు ఆరు గంటల ప్రయాణదూరం దాటాక అయిన వైద్యానికి చెల్లించదు. డ్రింక్ ప్యాకేజీ మానుకున్న కుటుంబానికి మిగిలే డబ్బులో కొంత తీసి అందరికీ మంచి ప్రయాణ బీమా కొనుక్కోవచ్చు. అమ్మానాన్నలకు విజిటర్ బీమా ఇప్పటికే ఉంటే మూడు సంగతులు చూసుకోవాలి: అమెరికా దాటి ఓడ మీద, ఇతర దేశాల రేవుల్లో అది వర్తిస్తుందా; అత్యవసర తరలింపు ఖర్చు ఎంతవరకు ఇస్తుంది; ముందు నుంచీ ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బు ఒక్కసారిగా ముదిరితే చెల్లిస్తుందా. పాలసీ కాగితంలో వీటికి జవాబు దొరకకపోతే, ఓడ ఎక్కకముందే బీమా కంపెనీకి ఈమెయిల్ రాసి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.