ఈద్గాకు గడ్డి కోసే యంత్రం: ఎలాంటిది ఇవ్వాలి, ఎలా చేర్చాలి

ఈద్గాలో మనం ఏడాదికి రెండుసార్లు నమాజు చేస్తాం. మిగిలిన రోజుల్లో అక్కడ గడ్డిదే రాజ్యం. హిజ్రీ సంవత్సరానికి దాదాపు 354 రోజులే కాబట్టి మన పండుగలు ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంటాయి. 2019 నుంచి 2022 వరకు బక్రీద్ జూలై, ఆగస్టు నెలల్లో, సరిగ్గా వానల నడుమ వచ్చింది. 2025లో జూన్ మొదటి వారానికి వచ్చింది. వానల్లో వస్తే పచ్చగడ్డి మోకాలెత్తున ఉంటుంది. ఎండల్లో వస్తే ఎండిన మొదళ్లు, పల్లేరుకాయలు సజ్దాలో నుదురు ఆనే చోట గుచ్చుకుంటాయి. ఏ కాలంలోనైనా నేల చదునుగా, శుభ్రంగా ఉంచే పని తప్పదు.

అందుకే చాలామంది దాతలు, ముఖ్యంగా గతించిన తల్లిదండ్రుల పేరున ఈసాలె సవాబ్ కోసం, గడ్డి కోసే యంత్రం ఇస్తామని ముందుకు వస్తారు. సంకల్పం చాలా మంచిది. అయితే ఖరీదైన యంత్రమే మంచి యంత్రం అనుకోవడం పొరపాటు. ఇద్దరు మనుషులు ఎత్తలేనిది, ఊళ్లో మెకానిక్ విప్పలేనిది రెండో ఏటికే షెడ్డులో తుప్పు పడుతుంది. సులువుగా ఎత్తగలిగినది, సులువుగా బాగు చేయించగలిగినది మాత్రమే ఏళ్ల తరబడి పనిచేసి సదఖయె జారియాగా నిలుస్తుంది. దాతలు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

మూడు రకాలు

గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నవాడు ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్. అది 1830లో. ఉన్ని బట్టల మిల్లులో బట్టపై లేచిన నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందంటారు. చేతితో తోసే నేటి రీల్ మూవర్‌లోనూ అదే సూత్రం ఉంది. చక్రాలు తిరిగితే మెలితిరిగిన బ్లేడ్లు తిరుగుతాయి. అవి కింద ఉన్న స్థిరమైన బ్లేడుకు రాసుకుంటూ గడ్డిని కత్తెరలా కోస్తాయి. పెట్రోలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, చప్పుడు చాలా తక్కువ. బరువు సుమారు 8 నుంచి 12 కిలోలు. ఒక్కడే ఎత్తుకుపోగలడు.

దీని పరిమితి కూడా తెలుసుకోవాలి. గడ్డి నాలుగైదు అంగుళాలు దాటితే ఇది కోయదు, వంచేసి వెళ్లిపోతుంది. రాళ్లున్న నేలలో బ్లేడు అంచు దెబ్బతింటుంది. గరిక పరచుకున్న చదును నేలకు దీన్ని మించింది లేదు.

రెండోది ఇంజనుతో నడిచే మూవర్. కింద ఒకే బ్లేడు ఫ్యానులా వేగంగా తిరిగి గడ్డిని నరుకుతుంది. కాస్త ఎత్తు గడ్డినీ కోస్తుంది. పెట్రోలుదైతే సుమారు 25 నుంచి 35 కిలోలు, బ్యాటరీదైతే సుమారు 15 నుంచి 20 కిలోలు ఉంటుంది. మూడోది భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్. ఇది మూవర్ కాకపోయినా, నడుమెత్తు పెరిగిన తుంగను, పొదలను మొదట దించడానికి ఇదో, కొడవలో ఉండాల్సిందే.

స్థలాన్ని కొలిచి ఎంచుకోండి

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పదహారు అంగుళాల రీల్ మూవర్ ఒక్కో వరుసలో, అంచులు కలుపుకుంటూ పోతే, 35 సెంటీమీటర్ల వెడల్పు కోస్తుందనుకుందాం. ఎకరం పూర్తి కావాలంటే పనివాడు పదకొండున్నర కిలోమీటర్లు నడవాలి. 25 సెంట్లు, అంటే తెలంగాణ లెక్కలో 10 గుంటలు అయితే మూడు కిలోమీటర్ల లోపే. కాబట్టి పాతిక సెంట్ల లోపు చదును స్థలానికి చేతి మూవర్ హాయిగా సరిపోతుంది. అర ఎకరమైతే ఇద్దరు వంతులవారీగా రెండు ఉదయాలు పనిచేయాలి. అంతకు మించితే ఇంజను మూవర్ గురించి ఆలోచించవచ్చు.

నేల స్వభావం కూడా చూడాలి. నల్లరేగడిలో వాన పడితే చిన్న చక్రాలు మట్టి పట్టి కదలవు. అక్కడ చక్రాలు పెద్దవిగా ఉన్నది తీసుకోవాలి, నేల ఆరాకే పని పెట్టుకోవాలి. కొనే ముందు ఈ ప్రశ్నలు అడగండి: హ్యాండిల్ మడుస్తుందా? కోత ఎత్తు మార్చుకోవచ్చా? బ్లేడ్లు విడిగా దొరుకుతాయా? ఇంజను ఫోర్ స్ట్రోకా, పెట్రోలులో ఆయిలు కలపాల్సిన టూ స్ట్రోకా? అన్నిటికంటే ముఖ్యం, యంత్రం నడపబోయే మనిషిని దుకాణానికి తీసుకెళ్లి అతని చేత ఎత్తించి చూడండి.

ఖబరస్తాన్‌లో ఎక్కడ వాడాలి

ఇది జాగ్రత్తగా చూడవలసిన విషయం. రెండు ఖబర్ల మీద పచ్చి ఖర్జూర మట్టను చీల్చి నాటి, అది ఎండేదాకా వారికి శిక్ష తేలిక కావచ్చని ప్రవక్త ముహమ్మద్ (స) ఆశించిన హదీసు మనకు తెలిసిందే. ఖబర్ మీది పచ్చగడ్డిని కోయడం, పీకడం మక్రూహ్ అనీ, ఎండినదాన్ని తీయవచ్చనీ హనఫీ ఫిఖ్ గ్రంథాలు చెబుతాయి. ఖబర్లను తొక్కడం కూడా తగదు. కాబట్టి చక్రాల యంత్రం ఖబర్ల మీదికి పోకూడదు. దాని చోటు జనాజా మోసుకెళ్లే దారి, గేటు ముందరి ఖాళీ స్థలం, ప్రహరీ వెంబడి ఉండే బాట. ఆ దారి శుభ్రంగా ఉంటే రాత్రివేళ జనాజా తెచ్చినవారికి పాము భయం తగ్గుతుంది. ఖబర్ల మధ్య ఎండిన గడ్డిని కొడవలితో, చేత్తో తీయాలి. స్థానికంగా ఏ పద్ధతి పాటించాలో ఇమామ్ సాహెబ్‌ను అడిగి పని మొదలుపెట్టడం మేలు.

ఒక చోటు నుంచి మరో చోటికి

ఒక్క యంత్రమే ఈద్గాకు, ఖబరస్తాన్‌కు, మదర్సా ఆవరణకు తిరగాలి. తరలింపు గురించి ముందే ఆలోచించాల్సింది అందుకే. రీల్ మూవర్ హ్యాండిల్ విప్పి, బ్లేడ్లకు గోనెసంచి చుట్టి కడితే మామూలు ఆటోలో వెనక సీటు ముందు ఇమిడిపోతుంది. సంచి చుట్టకుండా తీసుకెళ్లకండి. చక్రం కొద్దిగా కదిలినా బ్లేడు తిరుగుతుంది, వేళ్లు తెగుతాయి.

పెట్రోలు మూవర్‌కు ట్రాలీ ఆటో, ఇద్దరు మనుషులు కావాలి. ఇంజను పూర్తిగా చల్లారాకే ఎక్కించాలి. పెట్రోలు కాక్ కట్టేయాలి. దూరప్రయాణమైతే ట్యాంకు ఖాళీ చేయాలి. స్పార్క్ ప్లగ్ వైరు తీసేయాలి. నిటారుగా నిలబెట్టి తాళ్లతో కట్టాలి. తప్పనిసరై ఒరిగించవలసి వస్తే ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండాలి. లేకపోతే ఆయిలు ఫిల్టర్లోకి దిగి ఇంజను స్టార్టు కాదు. బ్యాటరీ మూవర్ అయితే బ్యాటరీ విడిగా తీసి, ఎండ తగలకుండా తీసుకెళ్లాలి.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న దాతలకు ఒక మనవి. అక్కడి నుంచి యంత్రం తేవాలనుకోకండి. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో విమానంలోకి అనుమతించరు. మూవర్ బ్యాటరీలు చాలా వరకు ఆ హద్దు దగ్గరో, పైనో ఉంటాయి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి చార్జర్ ఇక్కడ పనికిరాకపోవచ్చు. విడిభాగాలు దొరకడం ఇంకా కష్టం. ఆ డబ్బు పంపితే ఇక్కడే కొనవచ్చు, ఇక్కడే బాగు చేయించవచ్చు.

నడిపేటప్పుడు

ముందుగా స్థలమంతా నడిచి రాళ్లు, తీగలు, గాజుపెంకులు ఏరాలి. గడ్డి ఎత్తుగా ఉంటే కర్రతో కదిపి చూడాలి. కాళ్లకు బూట్లు, ఇంజను యంత్రమైతే కళ్లకు అద్దాలు ఉండాలి. బ్రష్ కట్టర్ నడిచేటప్పుడు పిల్లలు, పెద్దలు ఎవరూ 15 మీటర్ల లోపు ఉండకూడదు. వయ్యారిభామ మొక్కను పూత రాకముందే చేతులకు తొడుగులు వేసుకుని పీకేయాలి. దాని వల్ల దురదలు, ఆయాసం వస్తాయి. ఒక్కసారే నేల అంటేలా కోయవద్దు. గడ్డి ఎత్తులో మూడో వంతు మాత్రమే తీయాలి. వానాకాలంలో పది రోజులకోసారి కోస్తే చేతి మూవర్‌తోనే నేల అదుపులో ఉంటుంది.

పని ముగిశాక తడి గడ్డిని తుడిచి, బ్లేడ్లకు నూనె రాసి, నీడలో పెట్టాలి. రీల్ బ్లేడు పదును చూడడానికి ఒక కాగితం ముక్క చాలు. రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, చేతులు దూరంగా ఉంచి, రీలును కర్రతో మెల్లగా తిప్పితే కాగితం శుభ్రంగా తెగాలి. చిరిగితే, నలిగితే స్థిరమైన బ్లేడు మరలు సరిచేయాలి.

దాతలు గమనించవలసినవి

జకాత్ సొమ్మును అర్హులైన పేదల చేతికి వారి సొంతంగా అందజేయాలన్నది హనఫీ ఉలమాల మాట. కాబట్టి యంత్రాన్ని జకాత్‌తో కాక, సదఖా లేదా లిల్లాహ్ నిధితో కొనాలి. ఇచ్చేటప్పుడు నియ్యత్ స్పష్టంగా చెబితే లెక్కలు రాసేవారికి ఇబ్బంది ఉండదు.

ఇంకొకటి. యంత్రం తనంతట తాను గడ్డి కోయదు. దాన్ని తోసే మనిషికి కూలీ కావాలి, ఏడాదికోసారి సర్వీసు కావాలి. ఖరీదైన యంత్రం ఇవ్వగలిగిన దాత తేలికైనది కొని, మిగిలిన డబ్బును కూలీకి, మరమ్మతుకు కేటాయిస్తే ఆ దానం రెండింతలు ఉపయోగపడుతుంది. ఈద్గా శుభ్రమవుతుంది, ఒక పేద కుటుంబానికి కొన్ని రోజుల పని దొరుకుతుంది. అల్లాహ్ మనందరి దానాలను స్వీకరించుగాక. ఆమీన్.